మూడు చుట్లలో మహానగరం

ప్యారిస్‌లో ఐఫిల్ టవర్ కాళ్ల మధ్య నుంచి కారు దూకించాలని ఉందా? నిజంగా అయితే కుదరని పని. 2018 నుంచి టవర్ చుట్టూ గాజు గోడలు, ఇనుప కంచె ఉన్నాయి. నడిచి వచ్చేవాళ్లను కూడా తనిఖీ చేసే లోపలికి పంపుతారు. అదే ‘మారియో కార్ట్’ ఆటలో అయితే... రయ్యిమని దూసుకెళ్లిపోవచ్చు!

మీసాల మారియో, అతని మిత్రబృందం బుల్లి కార్లెక్కి, అరటి తొక్కలు విసురుకుంటూ పందెం వేసుకునే ఆట ఇది. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 2017లో ‘మారియో కార్ట్ 8 డీలక్స్’ను తెచ్చినప్పుడు అందులో 48 ట్రాకులుండేవి. 2022 మార్చి 18 నుంచి 2023 నవంబరు 9 దాకా ఆరు విడతల్లో మరో 48 వచ్చాయి. వాటిని డబ్బు చెల్లించి డౌన్‌లోడ్ చేసుకోవాలి. వాటిలో 14 నిజమైన నగరాలే! 2019లో వచ్చిన ఫోన్ ఆట కోసం ముందుగా వాటిని తయారుచేశారు.

సిడ్నీలో 1932 నాటి హార్బర్ బ్రిడ్జి, 1973లో తెరిచిన ఓపెరా హౌస్ పలకరిస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాల్వలోకి దిగి నీళ్ల అడుగున నడపాలి. బ్యాంకాక్‌లో పడవల మీద సాగే సంత ఎదురవుతుంది. సింగపూర్‌లో మెరీనా బే శాండ్స్ హోటల్ పైకప్పు మీది ఈత కొలనునూ వదలరు. నిజానికి ఆ కొలనులోకి హోటల్లో దిగినవాళ్లకే ప్రవేశం!

మామూలు ట్రాకుల్లో మూడు చుట్లూ ఒకే దారి. నగరాల్లో అలా కాదు, చుట్టు చుట్టుకీ దారి మారుతుంది. ప్యారిస్‌లో మూడో చుట్టు ఏకంగా వెనక్కి తిరుగుతుంది. వెనకబడ్డవాళ్లు మనకే ఎదురొస్తుంటారు! ఊరు కాని ఊళ్లో సందు మారగానే తెలిసిన గోపురం కూడా కొత్తగా కనిపిస్తుంది కదా, అలాగన్నమాట. ఒక్కసారి చుట్టొస్తే ఏ ఊరూ పూర్తిగా తెలియదని ఆట ఆడేవాళ్లకు తెలియకుండానే నేర్పుతుంది. ఈ పద్నాలుగింటిలో మన దేశపు నగరం ఒక్కటీ లేకపోవడమే లోటు.

అందమైన కట్టడాలనే ఏరుకున్న ఈ ఆట బెర్లిన్‌లో మాత్రం ఒక గోడనూ వదల్లేదు. 1961లో రాత్రికి రాత్రి ముళ్లకంచెగా మొదలై, అన్నదమ్ములను విడదీసిన గోడ అది. దాని దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు కోల్పోయారు. 1989లో దారులు తెరుచుకున్నాయి. మిగిలిన ముక్కల్లో 1.3 కిలోమీటర్ల పొడవైన దాని మీద 1990లో చిత్రకారులు బొమ్మలు వేశారు. ఆటలో పిల్లలు ఆ గోడ పక్కనుంచి క్షణాల్లో దూసుకుపోతారు. ఇదేమిటని వాళ్లు అడిగితే, ఆటను కాసేపు ఆపి ఆ కథ చెప్పండి. పందెం ఎక్కడికీ పోదు!