సాక్షికా, షోకుకా?

బండికి కెమెరా కొనాలనుకునేవాళ్ళు కౌలాలంపూర్ దుకాణాల్లో ముందుగా అడిగేది ఫోర్‌కేనా, ఎయిట్‌కేనా అని. ఆ వీడియో రేపు ఎవరు చూస్తారని నేనడుగుతాను. ప్రమాదం జరిగితే పోలీసులా? పండక్కి ఫోన్ చేసే బావమరిదా? ఇద్దరినీ ఒకే కెమెరాతో తృప్తిపరచలేం.

ఇక్కడ పొద్దున్నే ఫెడరల్ హైవే చూడాలి. 1970లలోనే మోటారుసైకిళ్ళకంటూ విడిగా దారి వేసిన రోడ్డది. హైవేల మీద బండ్లకు టోలు కూడా దాదాపు ఎక్కడా లేదు. ఎండా దుమ్మూ తగలకుండా జర్కిను ముందుది వెనక్కి తిప్పి తొడుక్కుని, ఈఎక్స్5లూ వై15లూ వేసుకుని సగం ఊరు పనికి పోతుంది. ఈ చిన్న బండ్లన్నిటినీ కలిపి కప్‌చాయ్ అంటారు. దేశంలో రోడ్ల మీద పోయే ప్రాణాల్లో 60 శాతానికి పైగా మోటారుసైకిళ్ళ మీదివే. కాబట్టి రోజూ ఇలా వెళ్ళొచ్చేవాడికి కావలసింది సాక్షి. అంటే డ్యాష్‌క్యామ్: ముందొక కన్ను, వెనకొక కన్ను, సీటు కింద చిన్న పెట్టె. తాళం తిప్పితే దానంతటదే మొదలవుతుంది, కార్డు నిండితే పాతది చెరిపేసి కొత్తది ఎక్కించుకుంటుంది. బొమ్మ అందంగా ఏమీ ఉండదు. రాత్రిపూట లైటు వెలుగు పడితే నంబరు ప్లేటు తెల్లటి మరకే. అయినా ఎవరు ఎటునుంచి వచ్చి గుద్దారో చెప్పగలదు. బిగించే మెకానిక్‌కు మాత్రం, తాళం తీస్తే కరెంటు ఆగిపోయేలా కలపమని గట్టిగా చెప్పాలి. లేకపోతే నాలుగు రోజులు బండి తియ్యకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

షోకు కెమెరా, అంటే యాక్షన్ కెమెరా, పుట్టుకే వేరు. గోప్రో పెట్టిన నిక్ వుడ్‌మన్ అలల మీద సర్ఫింగ్ చేసే మనిషి. ఆ ఆటలో ఫొటోలు తీసుకోవాలన్న సరదాలోంచి వచ్చిందే ఆ కంపెనీ. 2004లో ఆయన అమ్మిన మొదటి సరుకు మణికట్టుకు కట్టుకునే 35 ఎంఎం ఫిల్ము కెమెరా. గెంటింగ్ ఘాట్ రోడ్డుకో, ఉలు యామ్ మలుపులకో పోయే ఆదివారం రైడర్లకు షోకు కెమెరాయే సరి. ఎక్కడ పెట్టాలన్నదే అసలు విద్య. బండికి బిగిస్తే మలుపులో బండి నిటారుగానే కనబడుతుంది, కొండలే పక్కకు ఒరిగిపోతాయి. సెపాంగ్‌లో మోటోజీపీ పందేలు చూసేవాళ్ళకు తెలుసు, బండి నేలను రాసుకుంటూ పోయినా దూరాన ఆకాశపు అంచు తొణకని దృశ్యాలుంటాయి. దానికోసం వాళ్ళు గైరోస్కోపున్న కెమెరా వాడతారు. మనకు ఆ గైరో మెడలోనే ఉంది! బండి ఎంత వంగినా తలను నిటారుగా ఉంచుకుంటాం కదా. హెల్మెట్ గడ్డం దగ్గర అతికిస్తే చాలు, ట్యాంకూ అద్దాలూ ఒరగడం అంతా ఫ్రేములోకి వచ్చేస్తుంది. నడినెత్తిన పెట్టుకుంటే గాలికి మెడ లాగేస్తుంది, చూసేవాళ్ళకు కొమ్ము మొలిచినట్టుంటాం.

360 డిగ్రీల కెమెరా సంగతి వేరు. రెండు కటకాల మధ్య అతుకులో పడి, దాన్ని బిగించిన కర్ర మాయమైపోతుంది, ఎవరో పక్కన ఎగురుతూ తీసినట్టుంటుంది. అయితే ఆదివారం తిరిగినదాన్ని వారమంతా కూర్చుని కత్తిరించుకోవాలి. ఆ ఓపిక నాకు లేదు.

జేబులో ఫోనుండగా ఇవన్నీ ఎందుకనేవాళ్ళూ ఉన్నారు. పెద్ద ఇంజిన్ల వణుకుకు ఐఫోన్ కెమెరాలు దెబ్బతినవచ్చని 2021 సెప్టెంబరులో ఆపిలే హెచ్చరించింది.

మలేషియాలో ఎండ, వాన రెండూ కెమెరాకు పరీక్షే. షోకు కెమెరాను చల్లబరిచేది ఎదురుగాలి. ట్రాఫిక్‌లో బండి ఆగిందా, అది వేడెక్కి ఆగిపోవచ్చు. సరిగ్గా సాక్ష్యం అవసరమయ్యే చోటే కళ్ళు మూసుకుంటుందన్నమాట. మధ్యాహ్నం వాన విరుచుకుపడి అందరూ వంతెనల కింద చేరేటప్పుడు ఇంకో చిక్కు. నీళ్ళలో మునిగినా ఏమీ కాదన్న కెమెరాకైనా ఛార్జింగు వైరు పెట్టాలంటే పక్క మూత తియ్యాలి. మూత తీస్తే ఆ హామీ పోయినట్టే. ఇక 4కెలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. 128 జీబీ కార్డుతో కౌలాలంపూర్ నుంచి పెనాంగ్ బయల్దేరినవాడికి దారిలో ఈపో దాటి కొంతదూరం పోయేసరికి కార్డు నిండిపోతుంది.

నా మాటకొస్తే, సాక్షిని బండికి శాశ్వతంగా బిగించి, షోకు కెమెరాను సెలవులకు స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకుంటాను. పేరాక్‌లో తెలుగువాళ్ళు తరాలుగా ఉంటున్న బగాన్ డాటో వైపు కొబ్బరితోటల్లో తీసిన వీడియో పంపితే, కోనసీమ ఎప్పుడెళ్ళావని అడిగేవాళ్ళున్నారు. అంతవరకు చాలు. కెమెరా ఏదైనా జిగురు మౌంటుతోనే అతికించాలి. బోల్టు కోసం హెల్మెట్‌కు డ్రిల్లుతో రంధ్రం పెడతామంటే మాత్రం బండి తిప్పుకుని వచ్చెయ్యండి. చిల్లుపడిన డొప్ప మీద నాణ్యతకు గుర్తైన సిరిమ్ స్టిక్కరున్నా లేకున్నా ఒకటే.