కొత్త తుపాకి, రెండు స్క్రూలు

మిలటరీ నుంచి పెన్షన్ మీద ఇంటికొచ్చిన మాబోటి వాళ్లకు అన్నవరం చుట్టుపక్కల దొరికే ఉద్యోగాల్లో గన్‌మన్ ఉద్యోగం ఒకటి. బ్యాంకు గుమ్మం దగ్గరో, ఏటీఎంలలో డబ్బు నింపే బండిలోనో నిలబడాలి. తుపాకి మాత్రం మనదే కావాలి, లైసెన్సు మన పేరున ఉండాలి. ఏజెన్సీ ఇచ్చేది యూనిఫాం, విజిల్, జీతంలో గన్ అలవెన్సు అని ఒక చిన్న ముక్క. తుపాకి కొనడం, బాగు చేయించుకోవడం, నూనె పెట్టుకోవడం, ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పి రసీదు దాచుకోవడం అన్నీ మన ఖర్చే.

నా పాతది డబుల్ బ్యారెల్. మధ్యకు విరిచి చూస్తే గొట్టాలు రెండూ కంటికి కనిపిస్తాయి, తూటా ఉందో లేదో చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. దాని తాళం అరిగిపోయి, మూశాక గట్టిగా పట్టడం మానేసింది. 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే దాన్ని స్టేషన్లో పెట్టేశాను. బ్యాంకు డ్యూటీలో ఉన్నవాళ్లకు మినహాయింపు దొరుకుతుంది గానీ, అప్పట్లో నాకు ఏ డ్యూటీ లేదు. మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు అయ్యాక తెచ్చుకున్నాను. తెచ్చుకున్నానే గానీ, ఇక దాన్ని నమ్మి నలుగురి మధ్య నిలబడలేననిపించింది.

ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు మనిషికి మూడు తుపాకులన్నదాన్ని రెండుకి తగ్గించారు. నాకు రెండూ అక్కర్లేదు, ఒకటి పోషించడమే కష్టం. పాతదాన్ని డీలరుకి అప్పజెప్పి, కాగితాలు పట్టుకుని కాకినాడ చుట్టూ తిరిగాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారి మేం తూర్పు గోదావరి వాళ్లం కాకుండా పోయాం గానీ, కలెక్టరాఫీసు మాత్రం మాకు అప్పుడూ కాకినాడే, ఇప్పుడూ కాకినాడే. అక్కడ అనుమతి చేతికొచ్చాక తిరుచిరాపల్లి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారైన పన్నెండు బోరు పంపు తుపాకి కొన్నాను. పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు పట్టేంత గొట్టం అది, పద్దెనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు. గొట్టం కింద ఇంకో గొట్టంలో తూటాలు వరసగా ఉంటాయి. ముందు చెక్కను వెనక్కి లాగితే పేలిన తూటా బయటపడుతుంది, ముందుకి తోస్తే కొత్తది లోపలికెళ్తుంది. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ గీసిన 1897 నాటి వించెస్టర్ నుంచి ఈ పద్ధతిలో పెద్ద తేడా ఏమీ లేదు. మంచి తుపాకి. ఆ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో దాని తప్పు ఇసుమంతైనా లేదు.

కొత్త తుపాకి చూపించగానే మా సూపర్‌వైజరు ఒక జాబితా చెప్పాడు. భుజానికి స్లింగు, బట్టుకి రబ్బరు ప్యాడు, గొట్టం కింద టార్చి, బాడీ పక్కన తూటాలు గుచ్చుకునే సైడ్ హోల్డరు. బండిలో ఇద్దరు గన్‌మన్‌ల తుపాకులూ ఒకేలా కనపడాలట. స్లింగు, ప్యాడు నాకూ కావలసినవే. పూటంతా తుపాకి చేత్తో మోస్తే మణికట్టు పడిపోతుంది. రబ్బరు లేని బట్టు నాలుగు తూటాలు కాల్చేసరికి భుజాన్ని నల్లగా కమిలిస్తుంది. టార్చి ఎందుకో నాకు అర్థం కాలేదు. పల్లెల్లో సాయంత్రం ఆరు దాటాక డబ్బు బండి తిరగకూడదని 2018లో కేంద్రం పెట్టిన నిబంధనే ఉంది కదండీ, వెలుతురుండగానే ఇంటికెళ్లే బండికి టార్చెందుకని అడిగాను. “పై నుంచి చెప్పారు” అన్నాడు. ఆ మాటకి ఎదురు ఉండదని మిలటరీలోనే నేర్చుకున్నాను.

అన్నవరం కొండ కింద తొలి పావంచా దగ్గర పీటలూ మందసాలూ చేసే వడ్రంగి కుర్రాడొకడున్నాడు. “ఏం బాబాయ్, రబ్బరేగా, పది నిమిషాల్లో బిగించేత్తాను” అన్నాడు. బిగించగలడు కూడా. కానీ లైసెన్సు లేనివాడు తుపాకి బాగుచేసే పని పెట్టుకోకూడదని చట్టంలో అయిదో సెక్షను. వాడి చేతిలో పెట్టి పక్కకెళ్తే వాడికీ కేసు, నాకూ కేసు. ఈ జిల్లాలో తుపాకి ముట్టుకునే హక్కున్న చేతులు ఎన్నో లేవు, ఉన్నవాళ్లు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్లాలి.

అలా పెద్ద ఊళ్లో లైసెన్సున్న దుకాణానికి వెళ్లాను. ఖాళీ తుపాకిని గుడ్డ సంచిలో పెట్టి, లైసెన్సు పుస్తకం జేబులో పెట్టుకుని బస్సెక్కితే పక్క సీటు పెద్దావిడ, “కొండమీద భజనకా నాయనా, ఏం వాయిస్తావు?” అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను.

దుకాణంలో అసలు చిక్కు తెలిసింది. ఈ సైడ్ హోల్డర్లూ టార్చి పట్టీలూ అమెరికా తుపాకుల కొలతలకు తయారైన సరుకు. మన తుపాకికి అచ్చంగా సరిపడేవి ఆ దుకాణంలో లేవు. బిగించే మనిషి దగ్గర నిలబడి చూశాను. ట్రిగ్గర్ పెట్టెను పట్టుకుని ఉండే పిన్నులు తీసేసి, వాటి స్థానంలో పొడుగాటి స్క్రూలు రెండు దూర్చి, వాటితో హోల్డరు రేకుని బాడీకి బిగించాడు. టార్చి పట్టీ కోసం డ్రిల్లు తీసుకుని బాడీ మీద నంబరు పక్కనే ఆన్చాడు. అక్కడ చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ నంబరు లైసెన్సులో రాసున్న నంబరు. అందులో ఒక్క అంకె చెరిగినా అది నేరం, తనిఖీలో నేను జవాబు చెప్పుకోలేను. “అంత భయమైతే ఎలాగండీ” అని విసుక్కుని టార్చి మానేశాడు. స్క్రూలు మాత్రం అలెన్ కీతో, చేతి నరాలు తేలేదాకా బిగించాడు.

ముందు చెక్క లాగి చూస్తే కొన్నప్పటి సాఫీతనం లేదు. ఎక్కడో లోపల రాసుకుంటోంది. అదే చెప్పాను. “కొత్తది కదండీ, అరిగితే అదే సర్దుకుద్ది” అన్నాడు. బిల్లు మీద ‘సర్వీసింగ్’ అని ఒక్క మాట రాసిచ్చాడు.

ఆ తర్వాత కొద్దికాలానికే ఏజెన్సీ తరఫున ఫైరింగ్ ప్రాక్టీసు వచ్చింది. భాద్రపదం ఎండ. మట్టి గట్టు ముందు టార్గెట్లు, మేం వరసలో. మమ్మల్ని నడిపించేది రిటైరైన సుబేదారుగారు, కబుర్లు తక్కువ, అరుపులు ఎక్కువ. మొదటి తూటా బాగానే పేలింది. ఖాళీ డొప్పను బయటికి తేవడానికి ముందు చెక్కను రెండు చేతుల బలంతో గుంజాల్సి వచ్చింది. రెండోది లోపలికి తోశాను. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, అంతే.

పేలకపోతే ఏం చెయ్యాలో మాకు కొట్టిన పిండి. తుపాకి గట్టు వైపే ఉంచి, అరనిమిషం కదలకుండా ఆగాలి. లోపల మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఆగాను. తర్వాత చెక్కను వెనక్కి లాగాను. వేలెడంత వచ్చి ఆగిపోయింది. ఇక వెనక్కీ రాదు, ముందుకీ పోదు.

ఇక్కడ భయం ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. తూటా వెనక గొట్టాన్ని మూసే బోల్టు పూర్తిగా మూసుకుని ఉంటే తూటా ఎప్పుడు పేలినా దెబ్బ ముందుకే పోతుంది. నాది సగం తాళం వీడి ఆగింది. అప్పుడు పేలితే ఆ మంటా ఒత్తిడీ వెనక్కి, నా మొహం మీదికి వస్తాయి. గట్టిగా గుంజడానికి లేదు, నేలకి తట్టడానికి లేదు.

“ఎవరి చేతికీ మార్చొద్దు. మొహం పక్కకి తిప్పు. అలాగే ఉండు,” అని సుబేదారుగారు కేకేసి అందర్నీ వెనక్కి పంపేశారు. ఆయన మాత్రం నా వెనక నుంచి కదల్లేదు. మోకాలి మీద కూచున్నాను, బట్టు తొడ మీద ఆనించి, గొట్టం గట్టుకేసి. కాసేపటికి ఎవరో ఇసక బస్తా తెచ్చి గొట్టం కింద పెట్టారు. బరువు తగ్గింది గానీ చెయ్యి తియ్యడానికి వీల్లేదు. తుపాకులు బాగుచేసే ఆర్మరర్ టౌను నుంచి రావాలి.

ఎంతసేపు అంటే నేను గడియారం చూళ్లేదు. కనుబొమ్మల మీంచి చెమట కంట్లోకి కారుతోంటే తుడుచుకోలేదు. తొడ తిమ్మిరెక్కి, తర్వాత ఆ కాలు నాది కాదన్నట్టు మొద్దుబారింది. దేవుణ్ణి తలుచుకున్నానా అంటే, నిజం చెప్తున్నాను, సత్యదేవుడి కొండ కింద పుట్టి పెరిగినవాణ్ణి అయినా ఆ టైములో ఆయన గుర్తుకు రాలేదు. చిన్నమ్మాయి ఫీజు గడువు శుక్రవారం అన్నది గుర్తొచ్చింది. సరిహద్దులో ఫిరంగుల పక్కన పనిచేశాను, అక్కడ చుట్టూ పదిమంది ఉంటారు, తలా ఒక పని చేస్తుంటారు. ఇక్కడ నా పని కదలకుండా ఉండటం ఒక్కటే. అంత కష్టమైన పని నేను సర్వీసులో చెయ్యలేదు.

ఆర్మరర్ మోటారు సైకిలు మీద వచ్చాడు. నా పక్కన బోర్లా పడుకుని, చెక్కను ముట్టుకోకుండా, తుపాకిని పక్క నుంచి చూశాడు. “ఈ రేకు ఎవరు బిగించారన్నా?” అని అడిగాడు. చొక్కా జేబులోంచి అలెన్ కీ తీసి ముందు స్క్రూని కాస్త వదులు చేశాడు, తర్వాత రెండోదాన్ని. అర చుట్టు కూడా తిప్పలేదు. “ఇప్పుడు మెల్లగా లాగు” అన్నాడు. చెక్క నెయ్యి రాసినట్టు వెనక్కి వచ్చింది. తూటా జారి ఆయన అరచేతిలో పడింది. దాని అడుగున పిన్ను తగిలిన గుంట స్పష్టంగా ఉంది, మందు మాత్రం అంటుకోలేదు.

నేను లేవబోతే కాలు నిలబడలేదు. సుబేదారుగారే చంకల కింద చెయ్యేసి లేపారు.

ఆర్మరర్ తర్వాత బల్ల మీద విప్పి చూపించాడు. పొడుగు స్క్రూలు అతిగా బిగిస్తే బాడీ రెండు గోడలూ లోపలికి నొక్కుకుంటాయి, మధ్యలో బోల్టు నలిగిపోతుంది. బోల్టు పక్కల మీద తళతళలాడే రెండు గీతలు. కాస్త ఉబ్బిన తూటా దానికి తోడైంది. ఆయన పాత పిన్నులు అడిగాడు. సంచి అడుగున కాగితంలో చుట్టి ఉంచాను, తీసిచ్చాను. వాటిని మళ్లీ పెట్టి, ఖాళీ తుపాకి చెక్కను ఒంటి చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించి, “ఇదీ తుపాకంటే” అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇంటికొచ్చాక టీ గ్లాసు పట్టుకోలేకపోయాను. మా ఆవిడ అడిగితే భుజం నొప్పన్నాను. అదీ అబద్ధం కాదు. చాలా రాత్రులు ఆ టిక్కు మన్న చప్పుడుకి మెలకువ వచ్చేది. ఇప్పుడు తగ్గింది.

ఏజెన్సీ వాళ్లు ఆ రోజు నాకు సగం పూట హాజరే వేశారు. ప్రాక్టీసు పూర్తి చెయ్యలేదట. దుకాణానికి ఫోన్ చేస్తే, “మీరే తర్వాత బిగించుకునుంటారు” అన్నారు. ‘సర్వీసింగ్’ అన్న ఒక్క మాట పట్టుకుని ఎవరి దగ్గరికెళ్లి ఏమని ఫిర్యాదు చెయ్యను? లైసెన్సున్న చేతికే ఇవ్వాలని చట్టం నన్ను కట్టడి చేసింది, సబబే. ఆ చేయి చేసిన పనికి పూచీ ఎవరిదో మాత్రం నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా తుపాకికి స్లింగు, రబ్బరు ప్యాడు మాత్రమే ఉన్నాయి. ప్యాడు వల్ల బట్టు పొడుగై నా పొట్టి చేతులకు అందకపోతే, వేరే చోట పల్చటిది వేయించుకున్నాను. హోల్డరు ట్రంకుపెట్టెలో ఉంది. సూపర్‌వైజరు అడిగినప్పుడల్లా సుబేదారుగారి ఫోన్ నంబరు ఇస్తున్నాను. రెండోసారి అడగటం లేదు.

తోటి గన్‌మన్‌లకు నా మాట ఇది. తుపాకి మీద ఏది బిగించినా, దుకాణం గుమ్మం దాటకముందే మందులేని డమ్మీ తూటాలు అడిగి, వరసగా నింపి, అన్నీ బయటపడేదాకా ఆడించి చూడండి. ఎక్కడ పట్టేసినా డబ్బివ్వకండి. తీసిన పాత పిన్నులు, స్క్రూలు అడిగి తెచ్చుకోండి. ఏజెన్సీలకు కూడా ఒక విన్నపం: మా తుపాకులు మీ డబ్బునే కాస్తున్నాయి. అందరివీ ఒకేలా కనపడాలనుకుంటే ఏడాదికొకసారి ఆర్మరర్‌ని పిలిపించి, మీ ఖర్చుతో, మీ కళ్ల ముందు తనిఖీ చేయించండి.