పేరు రాయొద్దన్న నర్సింగ్ హోమ్‌లో

గుంటూరు నుంచి పల్నాటి వైపు వెళ్లే దారిలో ఒక పట్టణం. బస్టాండు వెనక సందులో చిన్న నర్సింగ్ హోమ్. ఊరి పేరుగానీ, ఆసుపత్రి పేరుగానీ, వెనక నిలబడ్డ స్వచ్ఛంద సంస్థ పేరుగానీ రాయనని మాటిచ్చాకే డాక్టరమ్మ నన్ను లోపలికి రానిచ్చారు.

“ఇక్కడ హెచ్‌ఐవీ వాళ్లని చూస్తారని తెలిస్తే మామూలు పేషెంట్లు రారు. అంతకంటే ముందు హెచ్‌ఐవీ వాళ్లే రారండీ, ఎవరన్నా చూస్తారని” అన్నారామె.

అందుకే వీళ్లకంటూ వేరే గది లేదు, బోర్డు లేదు. స్కానింగ్‌కి వచ్చిన గర్భిణులు, జ్వరాలవాళ్లు, వీళ్లు అందరూ ఒకే బెంచీ మీద, ఒకే రకం చీటీ పట్టుకుని కూర్చుంటారు.

మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి రక్తంలో సీడీ4 అనే రక్షణ కణాలు ఎన్నున్నాయన్న లెక్క లేకుండా, పాజిటివ్ అని తేలినవాళ్లందరికీ మందు మొదలుపెడుతున్నారు. ఒకప్పుడు పూటపూటకీ అన్నేసి మాత్రలు మింగాల్సొచ్చేది. ఇప్పుడు చాలామందికి టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒక్క బిళ్ల, రోజుకోసారి. మందుకి డబ్బక్కర్లేదు. అయినా మూడు లక్షలమందికి పైగా హెచ్‌ఐవీతో బతుకుతున్న ఆంధ్రప్రదేశ్‌లో ఆ బిళ్ల అందనివాళ్లు ఇంకా ఉన్నారు. నెల తప్పినా, జ్వరం తగ్గకపోయినా మనలో చాలామంది ముందు వెళ్లేది ఎరిగిన ప్రైవేటు డాక్టరు దగ్గరికే. ఆ డాక్టరు పరీక్ష రాయకపోతే జబ్బు బయటపడదు. బయటపడ్డాక “పెద్దాసుపత్రికి పొండి” అని చీటీ చేతిలో పెట్టి పంపేస్తే, ఆ మనిషి పెద్దాసుపత్రికి వెళ్లిందో ఇంటికే వెళ్లిందో ఎవరికీ తెలియదు.

ఈ సంస్థ పట్టుకున్నది సరిగ్గా అక్కడే. ప్రైవేటు డాక్టర్లకు శిక్షణ ఇస్తుంది. ప్రభుత్వంతో ఒప్పందం చేయించి పరీక్ష కిట్లు ఉచితంగా తెప్పిస్తుంది. ఒక కౌన్సెలర్‌ని పంపిస్తుంది. పాజిటివ్ వస్తే ఆ అమ్మాయే హెచ్‌ఐవీ మందులిచ్చే గుంటూరు ఏఆర్‌టీ సెంటర్‌కి వెంటబెట్టుకుని వెళ్లి మందు మొదలుపెట్టిస్తుంది. తర్వాత దగ్గొచ్చినా, దద్దుర్లొచ్చినా, కాన్పయినా చూసేది మళ్లీ ఈ డాక్టరమ్మే.

శిక్షణతోనే ఈ తలుపులు తెరుచుకున్నాయని నేననుకున్నాను. డాక్టరమ్మ మాత్రం నన్ను ఆపరేషన్ థియేటర్ పక్కనున్న అల్మరా దగ్గరికి తీసుకెళ్లి ఒక డబ్బా చూపించారు. అందులో ఉన్నవి రోగుల మందులు కావు, సిబ్బంది మందులు. సూది గుచ్చుకుంటే వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. “మా సిస్టర్లది రాతిగుండె కాదండీ, భయం. గుచ్చుకుంటే మా గతేంటి మేడమ్ అనేవాళ్లు. నా దగ్గర జవాబుండేది కాదు. ఈ డబ్బా వచ్చాక మొదటి కాన్పుకి ఒప్పుకున్నారు.”

వివక్ష తప్పు అని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదనీ, ఫలితం బయటపెట్టకూడదనీ చెబుతోంది. పనిచేసేవాళ్లకు ఈ రక్షణ కల్పించాలన్నదీ అదే చట్టం. మనం మొదటి మాటలే ఎక్కువగా చెప్పుకుంటాం. ఆయాకు ధైర్యం ఇవ్వకుండా రోగికి మర్యాద దక్కదని నాకు ఆ అల్మరా ముందే అర్థమైంది.

కౌన్సెలర్ అడిగి ఒప్పించాక ఒకామె నాతో మాట్లాడింది. ఒళ్లో పది నెలల పాప. ఐదో నెలలో ఇక్కడ చేసిన పరీక్షలో తెలిసిందట. “మా ఆయనకి చెప్పాలా అంటే, ఇద్దరూ కలిసి రండమ్మా, నేను చెప్తానన్నారు మేడమ్. ఆయనక్కూడా ఉంది. ఎవరిది ముందు అని ఇంట్లో ఒక వారం నరకం. ఆ వారం ఈ అక్క రోజూ ఫోన్ చేసింది.”

మందు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే ప్రమాదం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. తల్లి వేళకు మందు వాడి, బిడ్డకూ మందు పడితే అది 5 లోపుకు దిగుతుంది. ఈ పాపకు పుట్టగానే నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టారు. ఆరో వారంలో మడమ దగ్గర రక్తపు చుక్కలు తీసి పంపారు. ఆరో నెలలో మళ్లీ చేశారు. రెండుసార్లూ నెగెటివ్. పద్దెనిమిదో నెలలో ఆఖరి పరీక్ష చేసేదాకా ఆమె నమ్మనంటోంది. బిళ్లల సీసా మీద లేబుల్ చింపేసి పోపుల డబ్బా వెనక పెడుతుందట, అత్తగారు చదువుకున్న మనిషి కాబట్టి.

ఇలాంటి వైద్యం మన దగ్గర అసలు లేదని కాదు. రాయలసీమలో బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి హెచ్‌ఐవీ రోగులను ఏళ్లుగా చూస్తోంది. కాని అంతటి ఆసుపత్రి ప్రతి జిల్లాలోనూ కట్టలేం. సందుకో నర్సింగ్ హోమ్ మాత్రం ఇప్పటికే ఉంది.

డాక్టరమ్మకు తీరని కోరిక ఒకటుంది. నిలకడగా ఉన్నవాళ్ల మందులు తన దగ్గరే ఇవ్వనివ్వాలని. “బీపీ బిళ్లలిచ్చినట్టు ఇస్తాను. ఈ ఒక్కదానికోసం కూలి పోగొట్టుకుని గుంటూరు ఎందుకు పోవాలి?” న్యాయమైన మాట. లెక్కలు, నిఘా ప్రభుత్వం చేతిలోనే ఉంచి మందు పంపిణీ ఇలాంటిచోట్లకు తేవడం అసాధ్యమేమీ కాదు. దానికంటే కష్టమైనది కౌన్సెలర్ జీతం. అది ప్రాజెక్టు డబ్బు మీద నడుస్తోంది. ప్రాజెక్టు ఆగితే కిట్లు ఉండొచ్చు, డాక్టరు ఉండొచ్చు, ఆ వారం రోజులు ఫోన్ చేసే మనిషి ఉండదు.

మధ్యాహ్నం కౌన్సెలర్‌తో కలిసి అదే వీధిలోని ఇంకో నర్సింగ్ హోమ్‌కి వెళ్లాను. వాళ్లింకా చేరలేదు. డాక్టరుగారు ఆమెను చూడగానే “మళ్లీ వచ్చావా అమ్మా, ఇవాళ ఖాళీ లేదు, రేపు చూద్దాం” అన్నారు.

“రేపు ఎన్నింటికి రమ్మంటారు సార్?” అంటూ ఆమె సంచిలోంచి డైరీ తీసింది.