చప్పుడు తగ్గించే పనితనం

విశాఖలో బండి సైలెన్సర్‌కు రెండు వైపుల నుంచీ తుప్పు పడుతుంది. బయటి నుంచి సముద్రపు గాలి, లోపలి నుంచి పెట్రోలు. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి దూరం వెళ్తే గొట్టం బాగా కాలి ఆ ఆవిరంతా బయటికి పోతుంది. ఇంటి నుంచి ఆర్టీసీ కాంప్లెక్సుకు, అక్కణ్నించి డైమండ్ పార్కుకు, మళ్లీ ద్వారకా నగర్ మూడో వీధికి తిరిగే బండికి అంత వేడి ఎక్కడిది? ఆవిరి లోపలే చల్లబడి నీరై, అడుగున చేరి, మసితో కలిసి రేకును తినేస్తుంది. పైన క్రోమ్ తళతళలాడుతూనే ఉంటుంది. ఒకనాడు అతుకు దగ్గర వేలితో నొక్కితే అప్పడంలా విరుగుతుంది.

నా బుల్లెట్‌ సైలెన్సర్ సంగతీ అంతే అయింది. కార్బురేటర్ కాలపు బండి. "ఇది ఎల్లిపోనాది సార్, ఎల్డింగు పెట్టినా నిలవదు" అన్నాడు మెకానిక్. అతుకు వేయడానికి గట్టి రేకు మిగలాలి కదా.

కొత్తదానికి వెళ్తే షాపు గోడ నిండా సైలెన్సర్లే. షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, మెగాఫోన్, గోల్డ్‌స్టార్. ఈ చివరి పేరు బర్మింగ్‌హామ్‌లో బీఎస్ఏ కంపెనీ తయారుచేసిన పాత రేసు బండిది. ఆ పాత బండిని ఇక్కడ చూసినవాళ్లు అరుదైనా దాని సైలెన్సర్ ఆకారం మాత్రం మన వీధుల్లో బతికే ఉంది. నా పక్కన నిలబడ్డ కుర్రవాడు షాపాయన్ని ఒకటే అడిగాడు: "బీట్ ఎలాగుంటాదన్నా?"

ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. బుల్లెట్ దెబ్బంటే నాకూ ప్రాణమే. ఒంటి సిలిండర్, నాలుగు స్ట్రోకుల ఇంజను. ఇరుసు రెండుసార్లు తిరిగితే ఒక్కసారి పేలుతుంది. నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతూ నిలబడ్డ బండిలో సెకనుకు ఎనిమిది పేలుళ్లు. అందుకే ఆ చప్పుడు మిగతా బండ్లలా ఒకటే మోతగా కలిసిపోకుండా దెబ్బ దెబ్బగా వినిపిస్తుంది. ఆ దెబ్బ ఇంజనుది. సైలెన్సర్ దాన్ని పుట్టించదు, ఎంత బయటికి రావాలో తేలుస్తుంది, అంతే. లోపల అడ్డు గోడలు, వాటి మధ్య గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. ఒక గదిలో వెనక్కి తిరిగిన శబ్దం వచ్చే శబ్దాన్ని ఎదుర్కొని రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మిగిలిన కీచుదనాన్ని గ్లాస్ వూల్ పీల్చుకుంటుంది. గ్లాస్ వూల్ ఒక్కటే చుట్టి తిన్నగా వదిలేసిన గొట్టం చిన్న చిన్న కీచులను ఆపుతుంది కానీ, బుల్లెట్ లాంటి బండి లావు చప్పుడును ఆపలేదు. దానికి చోటు కావాలి, గదులు కావాలి. ఇంత ఆలోచన దాగిన డబ్బాను చేతిలోకి తీసుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. యంత్రం మీద ప్రేమ ఉన్నవాడు ముచ్చటపడాల్సింది ఈ పనితనానికి. గొట్టం పీకేసి మోత పెంచడానికి సుత్తీ ఉలీ చాలు.

పికప్ పెరుగుతుందని కొందరు నమ్ముతారు. నాలుగు స్ట్రోకుల మామూలు బండికి, కార్బురేటరో ఇంజెక్షనో సరిచేయకుండా సైలెన్సర్ ఒక్కటి మారిస్తే చెప్పుకోదగ్గ బలం రాదు. మోత పెరిగేసరికి వేగం పెరిగినట్టు చెవి నమ్ముతుంది. రెండు స్ట్రోకుల బండిలోనైతే సైలెన్సర్ నిజంగానే ఇంజనులో భాగం. మా తరం కాలేజీ రోజుల్లో కలలు కన్న యమహా ఆర్‌ఎక్స్ 100లో మండకుండానే కొంత పెట్రోలు గాలితో పాటు బయటికి జారిపోతుంది. ముందు లావై వెనక సన్నబడే పైపులో తిరిగొచ్చిన ఒత్తిడి అల దాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. 1950లలో తూర్పు జర్మనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఎంజెడ్ రేసు బండ్ల మీద ఈ విద్యను పదును పెట్టాడు. 1961లో అతని రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం దాటి సుజుకీలో చేరడంతో అది జపాన్ చేరింది. ఒక పైపు కొలతల కోసం రెండు దేశాల మధ్య ఇంత కథ నడిచింది. అలాంటి పైపును రంపంతో కోసుకుని తిరిగేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధే.

ఇక ఊరి సంగతి. ద్వారకా నగర్ నిండా చదువుకునే పిల్లలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ కోచింగుల చుట్టూ తిరుగుతారు. పౌర గ్రంథాలయంలో కూర్చుని చదువుకునేవాళ్లూ వాళ్లే. నాలుగడుగులు వేస్తే ఆసుపత్రులు. పైగా ఇది పగలు నిద్రపోయేవాళ్లున్న ఊరు. ఉక్కు ఫ్యాక్టరీలో, పోర్టులో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు, రాత్రి డ్యూటీ దిగిన నర్సులు పొద్దున్న తొమ్మిదికి తలుపులు మూసుకుని పడుకుంటారు. రాత్రి మోత తప్పని అందరూ ఒప్పుకుంటారు. పగటి మోత వాళ్ల నిద్ర చెడగొడుతుందని ఎవరికీ గుర్తుకు రాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులకు, విద్యాసంస్థలకు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. 175 సీసీ పైబడిన బండ్లకు కంపెనీ పరీక్షలో పెట్టిన హద్దు 80 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి రెట్టింపైనట్టు ఉంటుందంటే, ఆ 80 మీద ఇంకో పది చేర్చే గొట్టం రోగి మంచం పక్కన ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. విశాఖ పోలీసులు పట్టుకున్న మోత సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కించారు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత శబ్ద ప్రమాణం మీరితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి. మంచిదే. కానీ ఆ సరుకు గోడలకు వేలాడుతూ అమ్ముడవుతున్నంత కాలం శిక్షంతా కుర్రాళ్ల నెత్తినే పడుతుంది. అమ్మేవాళ్లను ముందు అడగాలంటాను.

నేను కొన్నది కంపెనీ సైలెన్సర్‌కు దగ్గరి బరువున్నది. చేత్తో ఎత్తి చూస్తే లోపల గదులున్నాయో, ఒట్టి డొల్లో తెలిసిపోతుంది. ఒక కొస నుంచి టార్చి వేస్తే రెండో కొస నుంచి వెలుతురు తిన్నగా రాకపోతే లోపల అడ్డుగోడలున్నట్టు.

బిగించడం గంట పని. అందులో ముప్పాతిక పాతది ఊడదీయడమే. ఇంజను నుంచి వచ్చే బెండ్ పైపూ సైలెన్సరూ కలిసే చోట తుప్పు పట్టి రెండూ ఒకటైపోతాయి. మెకానిక్ క్లాంపు వదులు చేసి, అతుకు మీద నూనె పోసి, టీ తాగొచ్చాడు. ఇనప సుత్తి ముట్టకుండా కర్ర సుత్తితో నాలుగు వైపులా తట్టి, అటూ ఇటూ మెలి తిప్పుతూ లాగాడు. బెండ్ పైపు జోలికి పోవద్దన్నాను. పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ దాంట్లోనే ఉంది. కొత్తది తొడిగి, నట్లన్నీ చేత్తో తిరిగేంత వదులుగా పెట్టి, సైలెన్సర్ తనంతట తాను కుదురుకున్నాకే ముందు అతుకు, తర్వాత వెనక బ్రాకెట్టు బిగించాడు. ముందే వెనక బిగిస్తే పైపు బలవంతంగా వంగి ఉండి, కొన్నాళ్లకు అతుకు దగ్గరే చీలుతుంది. స్టార్టు చేసే ముందు పొడి గుడ్డతో మొత్తం తుడిచాడు. క్రోమ్ మీద జిడ్డు చేతి ముద్ర ఉంటే మొదటి వేడికే కాలి మచ్చ పడిపోతుంది, ఇక పోదు.

స్టార్టు చేసి, ఇంజను ఇంకా చల్లగా ఉండగానే అతుకు చుట్టూ చెయ్యి తిప్పి చూశాడు. ఎక్కడా గాలి తగల్లేదు. అక్కడ సందుంటే ఆక్సిలరేటర్ వదిలినప్పుడల్లా బయటి గాలి లోపలికి జొరబడి, మిగిలిన పెట్రోలు మండి ఫట్ ఫట్‌మంటుంది. చాలామంది దాన్ని దర్జా అనుకుంటారు. మెకానిక్ దాన్ని లీకు అంటాడు. "ఓ వంద కిలోమీటర్లు తిరిగి రండి సార్, వేడికి నట్లు వదులవుతాయి, మళ్లీ ఓ పట్టు పట్టాలి" అన్నాడు. ఆ ఆదివారం భీమిలి వైపు బయల్దేరాను, పానా సీటు కింద పెట్టుకుని.