అరంగుళం

మా హాస్టలు గదిలో తలుపు వెనక మేకుకు ఒక దర్జీ టేపు వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి, "ఏం గురూ, కుట్టుపని కూడా మొదలెట్టావా?" అని అడుగుతారు. నాకు గుండీ కుట్టుకోవడం కూడా రాదు. ఆ టేపుతో నేను కొలుచుకునేది నన్నే.

నవ్వకండి. సంగతి వినండి.

ఈ కాలేజీలో చేరేనాటికి నా ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 63 కిలోలు. ఏ పట్టిక ప్రకారం చూసినా నిక్షేపంగా ఉన్నట్టే లెక్క. కానీ చేతులు చూస్తే జొన్నదంట్లు. చొక్కా విప్పితే ముందుకు తోసుకొచ్చిన పొట్ట! బొడ్డు దగ్గర కొలిస్తే 35 అంగుళాలు. మా నాన్నదీ సరిగ్గా ఇదే వాటం. "బక్కమనిషి, ఈయనకేం రోగం వస్తుంది?" అని ఊరంతా అనుకుంటూండగానే 43వ ఏట ఆయనకు షుగరు వచ్చింది. అందుకే అద్దంలో నా పొట్ట నాకు నవ్వులాటగా కనిపించలేదు.

ఆ ఆదుర్దాలో అందరూ చేసే తెలివితక్కువ పనే నేనూ చేశాను. రాత్రి భోజనం మానేశాను. పొద్దున టీ, మధ్యాహ్నం ఇంత చారన్నం. ఆరు వారాల్లో 5 కిలోలు తగ్గాను. స్నేహితులు భుజం తట్టారు. తీరా చూస్తే నడుం తగ్గింది ఒక్క అంగుళమే. చేతులు మరింత చిక్కిపోయాయి. పదిహేను దండీలు తీసేవాణ్ణి కాస్తా ఏడింటికే బోర్లాపడ్డాను.

అప్పుడు మెడిసిన్ చదువుతున్న మా ఊరి అన్న ఒకడు పటకారులాంటి కాలిపర్‌తో నా చర్మాన్ని అక్కడక్కడ మడతపట్టి కొలిచి, "ఒంట్లో 24 శాతం కొవ్వేరా. నువ్వు పోగొట్టుకున్నదాంట్లో కండ కూడా ఉంది" అన్నాడు. ఒక ముచ్చట కూడా చెప్పాడు. 2004లో లాన్సెట్ వైద్యపత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో పడింది: పూనాకు చెందిన యాజ్ఞిక్ గారు, లండన్‌కు చెందిన యుడ్కిన్ గారు. ఇద్దరికీ ఎత్తు-బరువుల సూచిక ఒక్కటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్ గారికి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం! సన్నగా కనబడుతూ లోపల కొవ్వు దాచుకోవడం మన దేశస్థుల్లో చాలామంది తత్వమట. "నువ్వు తగ్గించుకోవలసింది తూకం కాదు, మార్చుకోవలసింది సరుకు" అన్నాడు అన్న.

ఆనాటినుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. మాంసకృత్తులు కిలో బరువుకు గ్రామున్నర చొప్పున నాకు రోజుకు 87 గ్రాములు కావాలి. నాలుగు గుడ్లలో 24, వంద గ్రాముల కందిపప్పులో 22, గుప్పెడు వేరుసెనగల్లో 12, పాలూ పెరుగుల్లో 15, అన్నంలో మరో 15. కుదిరింది! మూడు హస్తాల అన్నం రెండయింది, పప్పు రెండింతలయింది. "ఏం బాబూ, మా అన్నం సహించడం లేదా?" అని వంటమాస్టారు నొచ్చుకున్నాడు కూడా. వారానికి మూడు రోజులు బరువులెత్తడం, ఎత్తినదానికి వీలున్నప్పుడల్లా కొంచెం కలపడం.

ప్రతి ఆదివారం పరగడుపున తూకం, టేపు. ఒక్కరోజు అంకెను నమ్మకూడదని త్వరలోనే తెలిసింది. రాత్రి ఆవకాయ దట్టించి తింటే తెల్లారేసరికి ఒంట్లో నీరు నిలిచి కిలో పెరిగినట్టు చూపిస్తుంది. అందుకని నెలకోసారే తీర్పు. నడుం పెరిగితే ఒక గరిటె అన్నం కోత. నడుం నిలిచి, బరువులెత్తే బలం కూడా నిలిచిపోతే ఒక అరటిపండు అదనం. అంతే నా శాస్త్రం.

పది నెలలకు 58 కిలోలు 60 అయ్యాయి. నడుం 34 నుంచి 32న్నరకు దిగింది. కాలిపర్ 19 శాతం చూపించింది. కాలిపర్ లెక్క మూడు నాలుగు శాతం అటూ ఇటూ అయినా, చేతికి బిగుతయిన చొక్కా, నడుముకు వదులైన పంట్లాం అబద్ధం చెప్పవు గదా!

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. రెండు అరిసెలు తిని చాలన్నందుకు అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్న ఏమీ అనలేదు. రాత్రి నా నోటుబుక్కు తీసి, కళ్లజోడు సవరించుకుంటూ పేజీలన్నీ తిప్పారు. తర్వాత, "ఆ టేపు ఇలా ఇయ్యరా" అన్నారు. 38 అంగుళాలు. నేను చెప్పకుండానే నా పుస్తకంలోనే ఒక ఖాళీ పేజీలో తారీఖు వేసి రాసుకున్నారు. డాక్టరు గారిని అడిగి రాత్రిపూట అన్నం తగ్గించి, పప్పూ కూరా పెంచారు. సాయంత్రం చెరువుగట్టు మీద నడక మొదలెట్టారు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఫోను మోగితే అది నాన్నే. క్షేమసమాచారాల కంటే ముందు ఆయన అడిగేది, "నీదెంత?" అని. పోయిన వారం మాత్రం అడగలేదు. "ఒరేయ్, అరంగుళం తగ్గిందిరా" అన్నారు.

ఆ అరంగుళాన్ని ఆయన పేజీలో నా చేత్తోనే రాశాను.