వందనాలు చెప్పాల్సిన పేర్లు

ప్రియమైన తల్లిదండ్రులకు,

ఈ నెల ‘టీచర్ డైరీ’ నన్ను రాయమన్నప్పుడు స్పోకెన్ ఇంగ్లిష్ గురించి రాద్దామనుకున్నాను. కానీ ఈ జూన్‌తో మా అక్కవాళ్లు కెనడా వెళ్లి ఏడాది అవుతుంది. మనసంతా అక్కడే ఉంది కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను.

మాది గుంటూరు. పై పోర్షన్‌లో అక్క, బావ, వాళ్ల పిల్లలిద్దరూ ఉండేవాళ్లు. కింద అమ్మ, నాన్న, నేను. వంట మాత్రం అందరికీ కిందే. సాయంత్రం నేను నోట్‌బుక్స్ దిద్దుతుంటే అక్క చిన్నకూతురు పక్కన చేరి, “పిన్నీ, దీనికి స్టార్ నేనిస్తా” అని ఎర్రపెన్ను లాక్కునేది. బావకి టొరంటోలో ఉద్యోగం వచ్చింది. మంచి ఉద్యోగమే. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అందరం నవ్వుతూనే ఫొటోలు దిగాం.

ఇంటికొచ్చాకే అసలు సంగతి తెలిసింది. అమ్మ చాలా రోజులు ఏడుగురికి సరిపడా బియ్యం కొలిచి, గుర్తొచ్చి మళ్లీ డబ్బాలో పోసేది. నాన్న సాయంత్రం కాగానే గేటు దగ్గరికి వెళ్లేవారు, రాని స్కూల్ ఆటో కోసం.

నేను పుట్టిపెరిగింది క్రైస్తవ కుటుంబంలోనే. అయినా ఆ రోజుల్లో నా ప్రార్థన పెదాల మీదే ఉండేది. చర్చిలో మా బెంచీ సగం ఖాళీ. కానుకల సంచిలో డబ్బులు వేయడానికి పోటీపడే పిల్లలు లేరు. “దేవుడు అంతా మంచే చేస్తాడమ్మా” అని ఎవరైనా అంటే తల ఊపేదాన్ని గానీ, లోపల కోపం వచ్చేది. మంచి వాళ్లకి జరిగింది, మాకు టు-లెట్ బోర్డు మిగిలింది అనుకునేదాన్ని.

ఆ కోపం నాతోపాటు క్లాసుకి కూడా వచ్చింది. మూడో తరగతిలో ఒక బాబు రోజూ పక్క సీటులో తన బ్యాగు పెట్టుకునేవాడు. అక్కడ కూర్చునే స్నేహితుడు వాళ్ల నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ కావడంతో టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. “బ్యాగ్ కింద పెట్టు” అని రెండుసార్లు చెప్పాను. మూడోసారి గట్టిగా అరిచాను. వాడు ఏడవలేదు. బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఆదివారం చర్చిలో అయ్యగారు రోమీయులకు పౌలు రాసిన పత్రికలో 16వ అధ్యాయం చదివించారు. అందులో ఎక్కువగా ఉండేవి పేర్లే. ఫలానా వారికి వందనాలు, ఫలానా వారికి వందనాలు అని సాగుతుంది. చిన్నప్పటి నుంచి నేను దాటేసే పేజీ అది. అయ్యగారు ప్రిస్కిల్ల, అకుల అనే పేర్ల దగ్గర ఆగి వాళ్ల కథ చెప్పారు. యూదులు రోమా విడిచి వెళ్లాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించినప్పుడు ఆ భార్యాభర్తలు కొరింథుకి వచ్చారు. వాళ్లదీ పౌలుదీ ఒకే వృత్తి, డేరాలు కుట్టడం. పౌలు వాళ్లింట్లోనే ఉండి పనిచేశాడు. తర్వాత వాళ్లు ఎఫెసులో ఉన్నారు. ఈ ఉత్తరం రాసేనాటికి మళ్లీ రోమాలో ఉన్నారు. అదే అధ్యాయంలో రూఫు అనే అతని తల్లిని తనకూ తల్లేనంటాడు పౌలు.

అంతటి అపొస్తలుడికీ తనవాళ్లనుకునే ఇల్లు ఒకటి ఉండేదన్నమాట, ఆ ఇల్లూ ఊరు మారిందన్నమాట అనిపించింది. బెంగపడితే విశ్వాసం తక్కువైనట్టని నాలో నేనే సిగ్గుపడుతూ ఉన్నాను. ఆయన మాత్రం పేరుపేరునా తలుచుకున్నాడు.

ఆ రాత్రి ప్రార్థనలో దేవుణ్ని ఏమీ అడగలేదు. క్లాసులో అటెండెన్స్ పిలిచినట్టు అక్క, బావ, పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పాను. నాలుగో పేరు దగ్గర ఏడుపొచ్చింది. కానీ చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది. బాధలో దేవుడిచ్చే ఓదార్పుని మా బైబిల్ తెలుగులో ‘ఆదరణ’ అంటారు. మామూలు తెలుగులో ఆదరణ అంటే ఇంటికొచ్చినవాళ్లని ప్రేమగా చూసుకోవడం. ఆ రాత్రి నాకు రెండు అర్థాలూ ఒకటే అనిపించాయి.

సోమవారం ఆ బాబుకి సారీ చెప్పాను. ఫ్రెండ్‌కి లెటర్ రాస్తావా అని అడిగాను. ‘డియర్’ అని రాసి పెన్సిల్ ఆపేశాడు. “మిస్, తెలుగులో రాయొచ్చా?” అన్నాడు. ఇంగ్లిష్ పీరియడే అయినా రాయమన్నాను. మొదటి వాక్యం ఇది: “నీ సీటు ఎవరికీ ఇవ్వలేదు.” వాళ్లమ్మగారు అడ్రస్ కనుక్కుని పోస్ట్ చేశారు. కొన్నాళ్లకి బ్యాగు వాడే కింద పెట్టాడు.

ఈ జూన్‌లో కూడా కొందరు పిల్లలు టీసీలు తీసుకుని వెళ్తారు. ఉండిపోయే పిల్లలతో “కొత్త ఫ్రెండ్స్ వస్తార్లే” అని వెంటనే అనేయకండి. వెళ్లినవాళ్ల పేరు ఇంట్లో పలకనివ్వండి. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడైనా, నమాజు తర్వాత దువాలోనైనా, మాలాగా మోకాళ్ల మీదైనా ఆ పేరు ఒకసారి తలుచుకోనివ్వండి. పిల్లలు దిగులుగా ఉంటే డైరీలో ఒక్క లైను రాయండి. నాలాంటి టీచర్ అనవసరంగా అరవకుండా ఉంటుంది.

టొరంటోలో ఇప్పుడు ఉదయం 7 అయితే మనకి సాయంత్రం నాలుగున్నర. వాళ్లు స్కూలుకి రెడీ అవుతూ ఫోన్ చేస్తారు. “పిన్నీ, ఇవాళ ఎవరెవరికి స్టార్ ఇచ్చావు?” అని అడుగుతుంది చిన్నది. మీ పిల్లల పేర్లన్నీ దానికి తెలుసు.

ఇట్లు,
మీ మూడో తరగతి ఇంగ్లిష్ టీచర్