సర్వరు చిట్టా

సర్వరు అంటే నాకు తెలిసినంతలో హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టేవాడు. నాలుగు బల్లల అవతలనుంచే “రెండు ఇడ్లీ, ఒక పెసరట్టు, రెండు కాఫీ” అని కౌంటరుకు కేకేసి చెప్పే ఆ మనిషి జ్ఞాపకశక్తికి చిన్నప్పుడు ముక్కున వేలేసుకునేదాన్ని. అందుకే మా అక్క కొడుకు హైదరాబాదులో సర్వర్లు చూసే ఉద్యోగంలో చేరాడనగానే, బాపట్లలో మా పక్కింటావిడ “ఇంజనీరింగు చదివి హోటల్లోనా, పాపం!” అని తెగ నొచ్చుకుంది.

వాడి సర్వరు మనిషి కాదు, కంప్యూటరు. ఎక్కడో చల్లటి గదిలో రాత్రింబవళ్లు మేలుకుని, అడిగినవాళ్లకు అడిగింది అందించడం దాని పని. ఆలోచిస్తే పెద్ద తేడా ఏముంది చెప్పండి! ఎవరికి ఏం వడ్డించాం, ఎంత వడ్డించాం అన్న లెక్క అక్కడా ఉండాల్సిందే. లేకపోతే నెలాఖరుకు బిల్లు ఎవరి మీద వేస్తారు?

“ఆ లెక్కలన్నీ ఎందులో రాస్తార్రా?” అని అడిగాను, వాడు సంక్రాంతికి వచ్చినప్పుడు. నోరు తిరగని పేరేదో చెబుతాడనుకున్నాను.

“మామూలు టెక్స్టు ఫైల్లో పిన్నీ. ఒక్కో పనికి ఒక్కో లైను” అన్నాడు.

లాప్‌టాప్ తెరిచి చూపించాడు కూడా. తేదీ, టైము, ఎవరి ఖాతా, ఎన్ని సెకన్లు వాడుకున్నారు, ఎంత సమాచారం పట్టుకెళ్లారు. మధ్యలో కామాలు. అంతే! రంగుల్లేవు, గళ్లు లేవు, బొమ్మల్లేవు. చూస్తుండగానే కింద కొత్త లైన్లు వచ్చి చేరుతున్నాయి.

“ఒరే, ఇది మా రేపల్లె అమ్మమ్మ చిట్టా కదరా!” అన్నాను.

అమ్మమ్మ చదివింది మూడో తరగతి. రేపల్లెలో రెండు గేదెల పాడితో ఇల్లు నెట్టుకొచ్చింది. పాల లెక్క, తవుడు లెక్క, చేబదులు లెక్క అన్నీ ఒకే పుస్తకం. ఏ సంగతి జరిగితే ఆ సంగతి ఆ పూటే, కిందటి లైను కిందే రాయాలి. పొరపాటు పడితే రబ్బరుతో చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, కింద మళ్లీ రాయాలి. “చెరిపితే దొంగలెక్క, కొట్టేస్తే దొరలెక్క” అనేదట. ఇంకో చాదస్తం కూడా ఉండేది. సిరా పనికిరాదు, పెన్సిలే!

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు కృష్ణకు ఇవతల ఉన్న రేపల్లె వైపూ గాలివాన అల్లాడించింది. అమ్మమ్మ ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టె కూడా తడిసి ముద్దయింది. తాతయ్య సిరాతో రాసుకున్న కాగితాలు నీలిమందు కలిపిన నీళ్లలా తేలాయి. అమ్మమ్మ పుస్తకం మాత్రం ఎండలో ఆరేస్తే, అట్ట పోయినా అక్షరం పోలేదు. పెన్సిలు రాత నీళ్లకు కరగదు కదా! ఎవరికి ఎంత ఇవ్వాలో చూసుకుని, ముందు తను ఇవ్వాల్సినవి ఇచ్చేసిందని మా అమ్మ చెబుతుంది.

మావాడికి ఈ కథ తెగ నచ్చింది. వాడు చెప్పిన అసలు కిటుకు కూడా అమ్మమ్మ పద్ధతే. సర్వరు రాసే లైన్లు చిట్టా అన్నమాట. రాత్రికి ఇంకో ప్రోగ్రాము వచ్చి, ఆ లైన్లన్నీ చదివి, ఎవరి పేరు కింద వాళ్లవి కూడి పెడుతుంది. అది ఆవర్జా. ఆవర్జా పాడైపోతే చిట్టా చూసి మళ్లీ కట్టుకోవచ్చు. చిట్టా పోతే మాత్రం ఆవర్జాలోంచి రాబట్టలేం. ఫలానావారు నెలంతా ఎంత వాడారో తెలుస్తుందిగానీ, ఏ రోజు ఏ వేళ వాడారో ఎలా తెలుస్తుంది? అందుకే చిట్టాను ఏ కంప్యూటరైనా, ఎన్నేళ్లకైనా చదవగలిగేలా ఉత్త అక్షరాల్లో ఉంచుతారట. 1969లో అమెరికాలో బెల్ లాబ్స్ వాళ్లు మొదలెట్టిన యూనిక్స్ నాటినుంచీ ఉన్న అలవాటేనట ఇది.

అన్నిటికీ ఇదే మందు అని మాత్రం వాడు అనలేదు. రైలు బెర్తు ఒకటే ఉండి, ఇద్దరు ఒకే క్షణాన అడిగితే టెక్స్టు ఫైలు తగువు తీర్చలేదు. దానికి డేటాబేసు కావాలి. లైన్లు కోట్లలోకి వెళితే వెతకడానికి ఆలస్యం. పైగా ఎవరైనా తెరిచి మార్చేయగలరు. అందుకని కింద చేర్చడమే తప్ప పైన దిద్దే వీల్లేకుండా కట్టడి పెట్టి, ఒక నకలు వేరే కంప్యూటరుకు పంపుతారట. ఆ నకలు ముచ్చట మా అమ్మమ్మకు తట్టలేదు.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, తెనాలిలో మా అత్తయ్య వల్ల. మావయ్యకు అక్కడ ఎరువుల కొట్టు. రైతులకు బస్తాలు అప్పు మీద ఇవ్వడం, పంట చేతికొచ్చాక వసూలు చేసుకోవడం. కొట్టు లెక్కలు ఎవరో చేసిచ్చిన కంప్యూటరు ప్రోగ్రాములో ఉండేవి. మావయ్య హఠాత్తుగా పోయాడు. పదిరోజులూ అయ్యాక చూస్తే ప్రోగ్రాము తెరుచుకోదు. గడువు తీరిందంటుంది. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే ఆ నంబరే లేదు. దాని ఫైలు తెరిస్తే గళ్లూ, ప్రశ్నార్థకాలూ.

“కరణంగారి గొలుసుకట్టులా ఉందే!” అంది అత్తయ్య. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కరణాలు కలం ఎత్తకుండా, అక్షరానికి అక్షరం ముడేసి రాసేవారు. మన పొలం లెక్కే అయినా మనం చదవలేం, వారే చదివి చెప్పాలి. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి కానీ, ఆ రాత కంప్యూటర్లలో దూరి కూర్చుందని నాకు అప్పుడే తెలిసింది. నా మొదటి నవల సంగతీ అంతే. తెలుగుకు 1991లోనే యూనికోడులో చోటిచ్చినా, చాలాకాలం మన డి.టి.పి. వాళ్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లతోనే నెట్టుకొచ్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో నా నాయిక ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాలూ కుండలీకరణాల మధ్య ఏడుస్తోంది.

అత్తయ్యను ఆదుకున్నది కొట్టు గుమాస్తా చాదస్తం. ఆయనకు కంప్యూటరంటే నమ్మకం లేదు. రోజూ కొట్టు కట్టేసేముందు ఆనాటి అమ్మకాలను టెక్స్టు ఫైలుగా బయటికి తీయించి దాచేవాడు. ఆరేళ్లవి, రోజుకొకటి! మావాడు ఒక్క సాయంత్రం కూర్చుని, పేర్లవారీగా కూడించి కాగితాలు చేతికిచ్చాడు. బాకీ ఉన్నవాళ్లు 31 మంది. కొట్టే ఒక రైతుకు 4,200 బాకీ ఉందనీ తేలింది. ఆయన అడగనే లేదు. అత్తయ్య ముందు ఆయనకు కబురు పెట్టి ఇచ్చేసింది. అచ్చం వాళ్లత్తగారి కోడలే!

“అంతా మీ ఆయనకే ఇచ్చేశామండీ” అన్నవాళ్లూ లేకపోలేదు. కాదని పోట్లాడే మనిషి కాదు అత్తయ్య. “ఆగస్టు 9, యూరియా 6 బస్తాలు. జమ పడలేదు బాబూ” అని లైను మీద వేలుపెట్టి చూపేది. వేలు పెట్టి చూపడానికి లైనంటూ ఉండబట్టి కదా! అప్పటిదాకా కొట్టు గుమ్మం ఎక్కని మనిషి, ఆ కాగితాలు వచ్చాకే గల్లాపెట్టె దగ్గర కూర్చుంది.

ఒక ఆదివారం తనకు తోడుగా రేపల్లె బండిలో భట్టిప్రోలు వెళ్లాను. పని చూసుకుని, బండికి వేళుందని స్తూపం దగ్గర కాసేపు కూర్చున్నాం. 1892లో అక్కడ తవ్వితే ధాతువుల పేటికలు దొరికాయి. వాటి మీద రెండువేల ఏళ్ల పైబడిన అక్షరాల్లో ఉన్నది కావ్యం కాదు, పేటికలు చేయించినవారి పేర్లు. ఫలానావారు, ఫలానావారు అని వరస.

“చందాల పుస్తకమన్నమాట” అంది అత్తయ్య, సంచిలో కాగితాలు సర్దుకుంటూ.

31 పేర్లలో ఇప్పటికి 20 కొట్టేసింది, రూళ్లకర్ర పెట్టి ఒక్కో గీతతో. మిగిలిన 11లో రెండు భట్టిప్రోలువి. మినుములు అమ్మగానే తెచ్చిస్తామన్నారు.